జంషెడ్‌పూర్ తెలుగు పెద్దలకు: గంజాయి సంగతి ఇక గుట్టుగా ఉంచొద్దు

బిష్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కార్యవర్గానికి, కద్మా ఆంధ్ర అసోసియేషన్ పెద్దలకు, ఈ ఊళ్లోని తెలుగు సంఘాల అధ్యక్ష కార్యదర్శులందరికీ,



ఈ ఉత్తరం మీకు విడిగా ఇవ్వకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఇది ఇన్నాళ్లూ ఎవరింట్లో వాళ్లు దాచుకున్న విషయం, దాచుకోవడం వల్లే ముదిరిన విషయం కూడా. మన పిల్లల్లో గంజాయి తాగేవాళ్లు ఉన్నారు. బళ్లో ఉండగానే రుచి చూసినవాళ్లున్నారు. ఇంజినీరింగుకని భువనేశ్వర్, విశాఖ, బెంగళూరు వెళ్లి హాస్టల్లో మరిగినవాళ్లున్నారు. ఎవరు తాగుతున్నారో తోటి పిల్లలకు తెలుసు. చాలామంది టీచర్లకు అనుమానం ఉంది. తల్లికి తెలిసినా తండ్రికి చెప్పదు. తండ్రికి తెలిసినా అన్నదమ్ములకు చెప్పడు. పెళ్లికావలసిన అమ్మాయి ఇంట్లో ఉంటే ఇక ఆ మాటే ఎత్తరు.

నేను కద్మాలో పై తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది తాతముత్తాతలు శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారానికి పనికి వచ్చినవాళ్లు. 1907లో కంపెనీ పుట్టింది, 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది. ఆ తరాలవాళ్లు కొలిమి వేడికి ఒళ్లు కాల్చుకుని పిల్లల్ని చదివించారు. మనవాళ్లకు ఈ ఊళ్లో ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది చదువే. ఇప్పుడు దెబ్బ పడుతున్నది దాని మీద.

ఆ దెబ్బ ఎలా ఉంటుందో నేను దగ్గర నుంచి చూశాను. పదకొండో తరగతి కుర్రాడు, త్రికోణమితి సూత్రాలు కాగితం చూడకుండా చెప్పేవాడు. కొన్ని నెలల్లో మనిషి మారాడు. లెక్క బయటికి చదవమంటే చదివేవాడు. చివరికొచ్చేసరికి మొదట్లో ఇచ్చిన విలువ ఎంతో గుర్తుండేది కాదు. వెనక్కి వెళ్లి చూసుకునేవాడు, పెన్ను కాగితం మీద పెట్టేలోపు మళ్లీ పోయేది. మూడో వరసలో మైనస్ గుర్తు జారిపోయినా పట్టుకోలేకపోయేవాడు. చొక్కా జేబులో కంటి చుక్కల సీసా, కళ్ల ఎరుపు ఇంట్లో కనబడకుండా. చూపుడువేలు కొసన పసుపు మరక. వాడు బద్ధకస్తుడు కాడు, మొద్దూ కాదు. వాళ్ల నాన్న మాత్రం ఫోను వల్ల ఇలా అయ్యాడని ఫోను లాక్కున్నారు.

గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరును సర్దడానికి మెదడు తనకు తానే కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. అవి చేరవలసిన గ్రాహకాల్లోకి టీహెచ్‌సీ చొరబడుతుంది. ఆ గ్రాహకాలు దట్టంగా ఉండే చోట్లు ఏవో చూడండి: విన్నదాన్ని జ్ఞాపకంగా మార్చే హిప్పోక్యాంపస్, మంచిచెడ్డలు తూచి నిర్ణయం తీసుకునే ముందు మెదడు, చేయీ కాలూ అదుపులో ఉంచే చిన్న మెదడు. ముందు మెదడు పూర్తిగా పక్వానికి రావడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. పదహారేళ్లవాడు తాగేది ఇంకా కట్టుబడి పూర్తికాని మెదడుతో. నలభై ఏళ్ల మనిషికి జరిగే నష్టమూ వాడికి జరిగే నష్టమూ ఒకటి కాకపోవడానికి కారణం అదే.

మార్కుల మీద దీని ప్రభావాన్ని నెదర్లాండ్స్‌లో చక్కగా కొలిచారు. అక్కడి మాస్ట్రిక్ట్ నగరంలో గంజాయి అమ్మే కాఫీ షాపులున్నాయి. 2011లో డచ్, బెల్జియం, జర్మనీ వాళ్లు తప్ప మిగతా దేశాలవాళ్లు ఆ షాపుల్లోకి రాకూడదని నగరంలో కట్టడి పెట్టారు. దాంతో ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే తరగతి గదిలో కొందరికి షాపు తలుపు మూసుకుంది, కొందరికి తెరిచే ఉంది. ఒలివియె మారీ, ఉల్ఫ్ జోలిట్జ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు వాళ్ల ఫలితాలు పోల్చి 2017లో ప్రచురించారు. తలుపు మూసుకున్నవాళ్ల మార్కులు మెరుగుపడ్డాయి, మరీ ముఖ్యంగా లెక్కలు అవసరమయ్యే సబ్జెక్టుల్లో. నా వృత్తిలో ఉన్నవాడికి ఇంతకన్నా సూటిగా చెప్పనక్కర్లేదు.

ఇందులో ఆశ కూడా ఉంది. మానితే శక్తి తిరిగొస్తుంది. 16 నుంచి 25 ఏళ్ల మధ్యవాళ్లను నెల రోజులు మాన్పించి అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. మానినవాళ్లకు కొత్త విషయాలు నేర్చుకునే శక్తి పెరిగింది, ఆ మార్పులో ఎక్కువ భాగం మొదటి వారంలోనే కనబడింది. తెలివితేటలు శాశ్వతంగా తగ్గుతాయా అన్నదాని మీద మాత్రం ఇంకా వాదన నడుస్తోంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారు. కౌమారంలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వదలనివాళ్ల ఐక్యూ 38 ఏళ్లు వచ్చేసరికి 8 పాయింట్ల దాకా పడిపోయిందని 2012లో ప్రకటించారు. కవలల మీద చేసిన అధ్యయనాలు ఆ నష్టమంతా గంజాయిదేనని ఒప్పుకోలేదు. ఇది మీకు చెప్పడానికి కారణం ఉంది. పిల్లలకు ‘ఒక్క దమ్ముతో మెదడు చచ్చిపోతుంది’ అని చెప్పొద్దు. తాగిన స్నేహితుడు మర్నాడు మామూలుగా బడికి వస్తాడు. అది చూశాక మనం చెప్పిన నిజాలు కూడా వాళ్లు నమ్మరు.

‘దీనికి అలవాటు పడటం ఉండదు సార్’ అని పిల్లలు నాతో వాదిస్తారు. ఉంటుంది. తాగేవాళ్లందరిలో సుమారు 9 శాతం మంది దాన్ని వదల్లేని స్థితికి వెళ్తారని, కౌమారంలో మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురికి ఒకరు అలా అవుతారని అంచనా. రోజూ తాగేవాడు హఠాత్తుగా మానితే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం, చెమటలు మొదలవుతాయి. మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో చాలామందికి సర్దుకుంటాయి. ఆ వారం పిల్లవాడు కంచం నెట్టేసి అరిస్తే అది పొగరు కాదని ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి. మన దేశంలో వాడేవాళ్లు ఎక్కువగా పొగాకుతో కలిపి చుడతారు. గంజాయి మానదలుచుకున్నా నికోటిన్ పట్టు వదలదు, రెండు వ్యసనాలు ఒకేసారి మెడకు చుట్టుకుంటాయి. పైగా దగ్గు, కఫం, గుండెదడ. కొందరికి ఆగని వాంతులు, వేడినీళ్లు పోసుకుంటే తప్ప ఉపశమనం ఉండదు. కారణం తెలియక కడుపు పరీక్షల చుట్టూ తిరుగుతుంటారు. మత్తులో చేయి స్పందించే వేగం తగ్గుతుంది. రాత్రిపూట ఈ ఊరి మెరైన్ డ్రైవ్ మీద బండి నడిపే కుర్రాడికీ, క్రేను కింద పని నేర్చుకునే అప్రెంటిస్‌కూ ఆ అరసెకను ప్రాణంతో సమానం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మతి చలించడం. స్వీడన్‌లో 1969-70లో నిర్బంధ సైనిక సేవకు వచ్చిన 45,000 మందికి పైగా యువకుల్ని తర్వాత ఏళ్లతరబడి గమనించారు. 18 ఏళ్లలోపే 50 సార్లకు మించి గంజాయి తాగామన్నవాళ్లకు, అసలు తాగనివాళ్లతో పోలిస్తే స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా వచ్చిందని 1987లో ప్రచురించారు. యూరప్‌లోనూ బ్రెజిల్‌లోనూ చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. టీహెచ్‌సీ 10 శాతం, ఆపైన ఉన్న ఘాటు సరుకు రోజూ తాగేవాళ్లలో సైకోసిస్ దాదాపు అయిదు రెట్లు ఎక్కువని అది తేల్చింది. తాగిన ప్రతివాడికీ ఇది రాదు, ఎక్కువమందికి రాదు. ఇంట్లో మేనమామకో పెదనాన్నకో అలాంటి జబ్బు ఉన్న పిల్లవాడికి ముప్పు ఎక్కువ. మన ఇళ్లలో ఆ మేనమామ సంగతే పిల్లలకు చెప్పం.

జబ్బు మొదలైనప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు. పిల్లవాడు రాత్రులు నిద్రపోడు. గది తలుపు తీయడు. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు, ఎవరూ లేని చోట ఎవరో పిలిచారంటాడు. మనవాళ్లు గాలి సోకిందంటారు, దిష్టి అంటారు. తాయెత్తు కడతారు, భూతవైద్యం చేసే ఓఝా దగ్గరికి తీసుకెళ్తారు, ఊళ్లో ఇలవేల్పుకు మొక్కుతారు. మొక్కుకోవడం తప్పు అనను. ఆ తిరుగుడులో నెలలు గడుస్తాయి. సైకోసిస్ విషయంలో వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. నష్టపోయేది ఆ నెలల్లోనే.

పిల్లలు చెప్పే మరో రెండు మాటలకు జవాబు మనకు తెలిసి ఉండాలి. ఒకటి, శివుడి ప్రసాదం, హోలీకి పెద్దలే భాంగ్ తాగుతారు అన్నది. భాంగ్ ఆకుతో చేస్తారు, గంజాయి పూతతో వస్తుంది, పూతలో మత్తు ఎక్కువ. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ఉత్త ఆకును గంజాయి నిర్వచనంలో చేర్చలేదు. అయినా భాంగ్‌లోనూ ఉన్నది టీహెచ్‌సీయే. తాగిన గంట రెండు గంటలకు గానీ ఎక్కదు కాబట్టి ఇంకా ఎక్కలేదని మరో గ్లాసు తాగేస్తారు, ఆసుపత్రి పాలయ్యేది అప్పుడే. హోలీ రోజు పిల్లల చేతికి ఆ గ్లాసు అందించే పెదనాన్నలు ఈ ఏడు నుంచి ఆ పని మానాలి. రెండోది, కెనడాలో చట్టబద్ధం చేశారు కదా అన్నది. చేశారు, 2018 అక్టోబరులో. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల లోపువాళ్లకు అక్కడా అమ్మరు. క్యుబెక్ రాష్ట్రం 2020లో ఆ వయసును 21కి పెంచింది. అనుమతించిన దేశాలు కూడా పిల్లల దగ్గరికి వచ్చేసరికి గీత గీశాయి.

ఈ సరుకు ఎక్కణ్ణుంచి వస్తుందో తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండలు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, చింతపల్లి వైపు, అటు మల్కన్‌గిరి, కోరాపుట్. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో ‘ఆపరేషన్ పరివర్తన్’ పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికించారు, 2024లో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగమే పెట్టారు. అయినా రవాణా ఆగలేదు. టాటానగర్ స్టేషన్‌లో సంచుల్లో గంజాయి పట్టుబడిన వార్తలు మనకు కొత్త కావు. మోసేవాళ్లలో చదువుకునే కుర్రాళ్లు కూడా ఉంటున్నారు. వెయ్యి రూపాయలకు ఆశపడి ‘ఈ బ్యాగు ఆ స్టేషన్లో ఇచ్చెయ్’ అన్న మాట వింటున్నారు. సంచిలో 20 కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో తల్లిదండ్రులకు తెలియని మరో సెక్షన్ ఉంది, 64ఎ. మత్తుకు బానిసైనవాడు చిన్న మొత్తంతో పట్టుబడినా, తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా జబ్బుగానే లెక్కించి, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని చెప్పింది. చట్టం తలుపు తీసి ఉంచితే, పరువు పేరుతో ఆ తలుపుకు అడ్డంగా నిలబడుతున్నది మనం.

దొరికిన పిల్లవాణ్ణి మనం ఏం చేస్తున్నాం? బడి వాళ్లు పిలిచి టీసీ తీసుకుపొమ్మంటారు. నేను చెప్పిన కుర్రాడికి జరిగింది అదే. ఆ తర్వాత వాణ్ణి విజయనగరం దగ్గర మేనమామ ఇంటికి పంపించారు. కొత్త ఊళ్లో స్నేహితులు లేరు, చదువు లేదు, సరుకు మాత్రం ఇంకా దగ్గరైంది. చివరికి వైద్యుడి దగ్గరికి చేరేసరికి విలువైన కాలం పోయింది. ఇంకొందరిని డీ-అడిక్షన్ సెంటర్ బోర్డు పెట్టిన ఇళ్లలో పడేస్తారు. అక్కడ వైద్యుడు ఉండడు, తాళాలూ దెబ్బలూ ఉంటాయి. గంజాయి మాన్పించడానికి తాళం అక్కర్లేదు. దానికంటూ ఆమోదం పొందిన మాత్ర ఇప్పటిదాకా లేదు, పనిచేసేది ఓపికగా చేసే కౌన్సెలింగ్. దిగులో, ఆందోళనో, నిద్రలేమో అడుగున ఉంటే దానికి మందు ఇస్తారు. ఎక్కువమందికి ఆసుపత్రిలో చేరవలసిన అవసరం కూడా ఉండదు.

అందుకే పెద్దలుగా మిమ్మల్ని కొన్ని పనులు అడుగుతున్నాను.

మొదటిది, ఒక గది. మందిరం ఆవరణలోనో అసోసియేషన్ భవనంలోనో వారానికి ఒక సాయంత్రం అర్హత ఉన్న కౌన్సెలర్ కూర్చునే గది ఇవ్వండి. వచ్చినవాళ్ల పేరు రాయొద్దు. తెలుగులో మాట్లాడే డాక్టర్లు, నర్సులు, మనస్తత్వశాస్త్రం చదివిన ఆడపిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు, వాళ్లకు తగిన శిక్షణ ఇప్పించండి. ఆత్మహత్యల నివారణకు ‘జీవన్’ అనే స్వచ్ఛంద కేంద్రం బిష్టుపూర్‌లోనే ఏళ్లుగా నడుస్తోంది. మనసు విప్పేవాళ్లు వస్తే వినే మనుషులు ఈ ఊళ్లో దొరుకుతారనడానికి అదే రుజువు.

రెండోది, బడి. మన సంఘాల మాటకు విలువ ఉన్న బళ్లతో మాట్లాడండి. దొరికిన పిల్లవాణ్ణి మొదటిసారి వెళ్లగొట్టకుండా కౌన్సెలింగ్‌కు పంపే పద్ధతి రాతపూర్వకంగా పెట్టించండి. విశాఖలో ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశానికంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. ఉన్నారా అని అడిగే హక్కు మనకుంది. అమ్మేవాడి మీద, పిల్లలతో మోయించేవాడి మీద జాలి అక్కర్లేదు. పిల్లలకు మత్తు ఇచ్చినా, పిల్లలతో అమ్మించినా 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ల దాకా జైలు.

మూడోది, గుమ్టీలు, అంటే పాన్ బడ్డీలు. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. ట్యూషన్ వదిలే వేళకు గుమ్టీ దగ్గర నిలబడి చూడండి. దారానికి కట్టిన లైటర్, విడి సిగరెట్లు, చుట్టుకునే కాగితాలు యూనిఫాంలో ఉన్న పిల్లల చేతికి అందుతున్నాయి. వ్యక్తిగా నేను ఫిర్యాదు ఇస్తే ఒక కాగితం. సంఘం లెటర్‌హెడ్ మీద ఇస్తే అధికారులు లేచి వస్తారు.

నాలుగోది, సమాచారం. మందిరం నోటీసు బోర్డు మీద పండుగ తేదీల పక్కన రెండు నంబర్లు శాశ్వతంగా ఉండాలి: మత్తు నుంచి బయటపడటానికి 14446, మానసిక సమస్యలకు టెలీ-మానస్ 14416. రెండోదాంట్లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. శ్రీరామనవమికి, ఉగాదికి వందలమంది వస్తారు. ఉపన్యాసాల మధ్య ఒక పది నిమిషాలు ఒక వైద్యుడికి ఇవ్వండి.

అయిదోది, తోడు. ఊళ్లో ఎంజీఎం, టాటా మెయిన్ హాస్పిటల్ ఉన్నాయి. జబ్బు ముదిరితే రాంచీ కాంకేలో 1918 నుంచి నడుస్తున్న కేంద్ర మనోరోగ చికిత్సా సంస్థ సుమారు 130 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వ్యసనాలకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో ఆ బస్సు ఎక్కని తల్లులున్నారు. పెళ్లికీ చావుకూ పిలవకుండానే వెళ్లి నిలబడే అలవాటు మన సంఘాలది. ఆ తల్లి పక్కన కూడా ఒకరు కూర్చోవాలి. చేతిలో డబ్బు లేని ఇంటికి దారి ఖర్చులు ఇవ్వడానికి చిన్న నిధి కావాలి.

జూన్ 26న మత్తు వ్యతిరేక దినం వస్తుంది. ఆ రోజు పిల్లల చేతికి బ్యానర్లిచ్చి నడిపించి, మర్నాటికి మరిచిపోయే ఊరేగింపు మనకొద్దు. ఈలోపు ఆ గది తెరుచుకోవాలి. మీ తర్వాతి కార్యవర్గ సమావేశంలో ఈ ఉత్తరాన్ని చర్చకు పెట్టండి, నిర్ణయం ఏదైనా అందరికీ తెలిసేలా ప్రకటించండి. గది తీసిన నాటి నుంచి వారంలో ఆ సాయంత్రం నా ట్యూషన్ ఉండదు. వెనకబడ్డ పిల్లలకు ఆ పూట అక్కడే కూర్చుని లెక్కలు ఉచితంగా చెబుతాను. మానినవాడికి మొదట కావలసింది మళ్లీ చదవగలనన్న ధైర్యం. అది ఇవ్వడం నాకు చేతనవును. మిగతాది మీరు చేయగలరు.

ఇట్లు,
కద్మా నుంచి,
ఒక లెక్కల మాస్టారు